పండగ నాలుగు రోజులతో ప్రాబ్లం లేదు, ఆ తర్వాతే ఉంది

సంక్రాంతికి ఊరెళ్ళడానికి టికెట్లు దొరికాయా? దొరికితే అదృష్టవంతులే. దొరక్కపోతే నాలాగా బస్సులో చివరి సీట్లో ఎగురుకుంటూ వెళ్ళడమే. సరే, ఈరోజు ఒక్కటే విషయం మాట్లాడుకుందాం. పండగ రోజుల్లో ఎక్సర్‌సైజ్ సంగతి ఏంటి? ఎంత చేస్తే సరిపోతుంది?

ముందు నాకు జరిగింది చెప్తాను. రెండేళ్ల క్రితం నేను ఇంకా సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలోనే ఉన్నాను. హైదరాబాద్‌లో ఆరు నెలలపాటు వారానికి నాలుగు రోజులు జిమ్‌కి వెళ్ళాను. సంక్రాంతికి తణుకు దగ్గర మా ఊరెళ్ళాను, ఐదు రోజులు. అరిసెలు, సున్నుండలు, కనుమ రోజు గారెలు, నాటుకోడి పులుసు. ఒక్క రోజు కూడా ఒళ్ళు వంచలేదు. తిరిగొచ్చి వెయింగ్ మెషీన్ ఎక్కితే రెండున్నర కిలోలు ఎక్కువ చూపించింది. ఆరు నెలల కష్టం ఐదు రోజుల్లో పోయిందే అనిపించింది. సరే, సోమవారం నుంచి మళ్ళీ మొదలుపెడదాం అనుకున్నాను.

ఆ సోమవారం ఏప్రిల్‌లో వచ్చిందండి. అది కూడా ఆఫీసు హెల్త్ చెకప్‌లో హెచ్‌బీఏ1సీ 5.8 వచ్చాక. ఈ టెస్ట్ దాదాపు గత రెండు మూడు నెలల సగటు షుగర్‌ని చూపిస్తుంది. 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే ప్రీడయాబెటిస్ అంటారు. అప్పటికి నాకు 26 ఏళ్లు. మొత్తం ఆ మూడు నెలల బద్ధకం వల్లే వచ్చిందని చెప్పను. మా నాన్నగారికి షుగర్ ఉంది, నాదేమో రోజంతా కుర్చీకి అతుక్కుపోయే ఉద్యోగం. కానీ నాలాంటివాడు మూడు నెలలు కదలకుండా కూర్చోకూడదని మాత్రం ఆ రిపోర్ట్ చూశాక అర్థమైంది.

ఇప్పుడు ఆ రెండున్నర కిలోల లెక్క చూద్దాం. ఒక కిలో కొవ్వు పెరగాలంటే మన అవసరానికి మించి సుమారు 7,700 క్యాలరీలు తినాలి. రెండున్నర కిలోలకి 19,250. ఐదు రోజులకి పంచితే రోజుకి 3,850 క్యాలరీలు, అది కూడా మామూలు తిండి కాకుండా అదనంగా. మా అమ్మ ఎంత కొసరి కొసరి వడ్డించినా అన్ని రోజులూ అంత తినడం కష్టమే కదా.

మరి ఆ బరువేంటి? చాలావరకు నీళ్ళు. మనం తిన్న పిండి పదార్థాల్ని ఒళ్ళు గ్లైకోజెన్‌గా దాచుకుంటుంది. ఒక్కో గ్రాము గ్లైకోజెన్‌తో పాటు దాదాపు మూడు గ్రాముల నీళ్ళు కూడా ఉండిపోతాయి. పచ్చళ్ళు, అప్పడాల్లో ఉప్పు ఇంకొంచెం నీటిని పట్టి ఉంచుతుంది. మామూలు తిండికి, మామూలు పనికి వచ్చేస్తే కొద్ది రోజుల్లో ఆ నీటి బరువు దిగిపోతుంది. అంటే నేను లేని బగ్‌ని చూసి భయపడి, ప్రాజెక్టే మూసేశాను.

అలాగని పండగ బరువు అసలు లెక్కలోకే రాదని కాదు. 2000లో అమెరికాలో 195 మంది పెద్దవాళ్ళ మీద చేసిన ఒక స్టడీ వచ్చింది. నవంబర్ మధ్య నుంచి జనవరి మొదటి వారాల దాకా, అంటే వాళ్ళ పండగల సీజన్‌లో, సగటున పెరిగింది 0.37 కిలోలే. అరకిలో కూడా లేదు. కానీ ఆ కొంచెం తర్వాత వేసవి దాటినా తగ్గలేదు. అసలు ప్రమాదం అక్కడుంది. పండగలో పెరిగింది తక్కువే, పండగ తర్వాత దాన్ని పట్టించుకోకపోవడం వల్ల అదే ఏటా పోగవుతూ ఉంటుంది.

బలం సంగతీ ఇంతే. రెండు వారాలు బరువులు ఎత్తకపోయినా కండ బలం పెద్దగా పోదు. ఆయాసం లేకుండా పరిగెత్తే స్టామినా మాత్రం రెండు వారాలకే తగ్గడం మొదలవుతుంది. ఉన్నదాన్ని నిలబెట్టుకోవడానికి, కొత్తగా పెంచుకోవడానికి పడేంత కష్టం అక్కర్లేదు. కాబట్టి పండగ వారం టార్గెట్ మార్చండి. పెంచుకోవడం వద్దు, నిలబెట్టుకుంటే చాలు. నేను పోయినేడాది నుంచి ఏం చేస్తున్నానో చెప్తాను.

ఒకటి, పొద్దున్నే 20 నిమిషాలు డాబా మీద. 15 స్క్వాట్లు, 10 పుషప్‌లు, 30 సెకన్ల ప్లాంక్, ఒక నిమిషం విశ్రాంతి. ఇలా నాలుగైదు రౌండ్లు. జిమ్ అక్కర్లేదు, షూ కూడా అక్కర్లేదు. పొద్దున్నే అని ఎందుకంటున్నానంటే, చుట్టాలు రావడం మొదలయ్యాక మన టైం మన చేతిలో ఉండదు. మా అమ్మ కింద నుంచి "పండగ పూట ఈ గంతులేంట్రా, దిగి టిఫిన్ తిను" అని అరుస్తూనే ఉంటుంది. ఇరవై నిమిషాలే కాబట్టి గొడవ ముదరకముందే దిగిపోతాను.

రెండు, తిన్న తర్వాత పది పదిహేను నిమిషాల నడక. నడిచేటప్పుడు కాళ్ళ కండరాలు రక్తంలో షుగర్‌ని వాడుకుంటాయి, దాంతో తిన్న వెంటనే షుగర్ ఒక్కసారిగా పెరగడం తగ్గుతుంది. పోయిన సంక్రాంతికి భోజనం అవ్వగానే "నాన్నగారూ, కాలవ గట్టు దాకా వెళ్ళొద్దాం రండి" అన్నాను. "తిన్నాక నడుం వాల్చాలి గానీ ఈ నడకేంట్రా" అంటూనే చెప్పులేసుకున్నారు. ఆ గట్టు మీద నేనూ ఆయనా మాట్లాడుకున్నంత, ఏడాది మొత్తం ఫోన్లో మాట్లాడుకోలేదు. తన షుగర్ మాత్రలు అప్పుడప్పుడూ మానేస్తున్నారని కూడా అక్కడే బయటపడింది. మర్నాడే డాక్టర్‌కి చూపించాం. మీ ఇంట్లో కూడా షుగర్ మందులో, ఇన్సులినో వాడేవాళ్ళు ఉంటే కొత్త వ్యాయామం మొదలుపెట్టే ముందు డాక్టర్‌ని ఒక్క మాట అడగండి.

మూడు, ఇంటి పని అందుకోండి. మా అమ్మ గొంతుక్కూర్చుని గంటసేపు ముగ్గు వేస్తుంది. జిమ్‌లో బార్‌బెల్ ఎత్తి స్క్వాట్లు చేసే నేను, పక్కన కూర్చుని రంగులు వేద్దామంటే రెండు నిమిషాలకే మోకాళ్ళు పట్టేశాయి. భోగి మంటకి దుంగలు మోయడం, అరిసెల పిండి దంచడం, ఏదైనా సరే, ఒళ్ళు కదిలితే చాలు.

తిండి విషయంలో నేను రూల్స్ పెట్టుకోను. అరిసె వద్దని అమ్మ మనసు బాధపెట్టడం ఎందుకు? "అమ్మా, ఇప్పుడొకటి, సాయంత్రం ఒకటి" అంటాను, అంతే. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. ఆ మాట ప్రయాణం పెట్టుకోవద్దని చెప్పింది, మంచం దిగొద్దని కాదు.

నాలుగోది, అన్నిటికన్నా ముఖ్యం. తిరిగొచ్చాక మొదటి ఎక్సర్‌సైజ్ ఎప్పుడు, ఎన్నింటికి అనేది ఊరెళ్ళే ముందే ఫోన్ క్యాలెండర్‌లో పెట్టేయండి. "వచ్చాక చూద్దాం" అనుకుంటే నాకు ఏప్రిల్ వచ్చింది. ఆ మొదటి రోజు మామూలుగా చేసేదాంట్లో సగం చేయండి చాలు. తిన్నదంతా ఒక్కరోజులో కరిగించాలని చూస్తే ఒళ్ళు నొప్పులొచ్చి మర్నాడు మంచం దిగరు. వెయింగ్ మెషీన్ మాత్రం ఒక వారం దాకా ఎక్కకండి.

నా రిమైండర్ అయితే పెట్టేశాను. బస్సు దిగిన మర్నాడు పొద్దున్న ఆరున్నరకి. ఈ ఎపిసోడ్ పూర్తవగానే మీరూ ఆ ఒక్క పని చేసేయండి, మిగతావి ఊరెళ్ళాక చూసుకోవచ్చు. అందరికీ సంక్రాంతి శుభాకాంక్షలు. జాగ్రత్తగా వెళ్ళి రండి. ఉంటానండి, నమస్తే.