పనస పండితే పక్కింటికి ఎలా తెలుస్తుంది?

నోయిడా కూరగాయల బజారులో పనస పేరు ‘కటహల్’. అక్కడ అది పండు కాదు, కూర. జిగురు అంటకుండా అమ్మేవారు కత్తికీ చేతులకూ నూనె రాసుకుని లేతకాయను ముక్కలు కోసిస్తారు. ఆ ముక్కను ముక్కు దగ్గర పెట్టుకున్నా చెప్పుకోదగ్గ వాసన ఉండదు. అదే కాయ పండితే గదిలో మూల దాచినా పక్కింటికి తెలిసిపోతుంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వారికి ఈ సంగతి కొత్త కాదు.

పచ్చికాయలో పిండిపదార్థం ఎక్కువ. ఆవపెట్టిన పనసపొట్టు కూరలో ఆవ ఘాటే పైకి తేలడానికి కారణం కాయకు సొంత వాసన తక్కువగా ఉండడమే. కాయ ముదిరాక దానిలోనే ఎథిలీన్ వాయువు తయారై, పండే ప్రక్రియ వేగం అందుకుంటుంది. ఎంజైములు పిండిని చక్కెరలుగా విడగొడతాయి. మరోపక్క ఆల్కహాళ్లు, ఆమ్లాల భాగాలు కలిసి ఎస్టర్లు ఏర్పడతాయి. ఇవి మామూలు వేడికే ఆవిరయ్యే చిన్న అణువులు. వీటిలో ఒకటైన ఐసోఅమైల్ అసిటేట్ అరటిపండులోనూ ఉంటుంది. మరికొన్ని ఐసోవలెరిక్ ఆమ్లం నుంచి వచ్చినవి. తమాషా ఏమిటంటే, ఆ ఆమ్లం విడిగా ఉంటే చెమట పట్టిన మేజోళ్ల కంపు కొడుతుంది. ఎస్టరుగా మారితే పండు సువాసన.

పైకి పనసలా ముళ్లతో కనిపించే దురియన్ కథ వేరు. పనసకు మర్రి, మేడి చుట్టాలు. దురియన్‌కు పత్తి, బెండ, గోంగూర. సింగపూర్ మెట్రో రైళ్లలో దురియన్ తీసుకెళ్లడం నిషేధం. దాని ఘాటుకు మూలం గంధకం. పండులో చురుగ్గా పనిచేసే ఎంజీఎల్ జన్యువులు గంధకపు వాయువుల తయారీకి తోడ్పడతాయని 2017లో సింగపూర్ శాస్త్రవేత్తలు దురియన్ జన్యుక్రమం ద్వారా చూపారు. అదే ఏడాది జర్మనీ పరిశోధకులు కేవలం రెండు పదార్థాలు కలిపి దురియన్ వాసనను దాదాపుగా పునఃసృష్టించారు. ఒకటి పండు వాసన, రెండోది వేయించిన ఉల్లి వాసన!

అంత ఘాటైన పండును ఇష్టంగా ఎలా తింటారు? నాలుకకు తెలిసేవి తీపి, పులుపు, ఉప్పు, చేదు, ఉమామి మాత్రమే. మిగతా రుచి అంతా నమిలేటప్పుడు గొంతు వెనక నుంచి ముక్కుకు చేరే ఆవిర్లదే. బయటి నుంచి పీల్చినప్పుడు కంపు అనిపించినదే, తీపితో, వెన్నలాంటి మెత్తదనంతో కలిసి లోపలి నుంచి వస్తే మెదడు మరోలా అర్థం చేసుకోగలదు. వాసన చూసి పండును పక్కన పెట్టేసేవారు ఆ రెండో దారిని అసలు చూడనట్టే.

పనసతో దీన్ని ఇంట్లోనే పరీక్షించవచ్చు. ముక్కు మూసుకుని ఒక తొన నమిలితే తీపి తప్ప ఏమీ తెలియదు. వేళ్లు తీయగానే పనస అని తెలుస్తుంది.