పాతర గడ్డికి మొక్కజొన్న: సాళ్లు దగ్గరగా వేయండి, మరీ ఒత్తుగా వద్దు



రాయితీ మొక్కజొన్న విత్తనం చేతికి రాగానే చాలామంది చల్లేస్తారు. ఎంత ఒత్తుగా ఉంటే అంత మేత అనుకుంటారు. పచ్చిమేతగా కోసుకునేవారికి అది కొంతవరకు చెల్లుతుంది. పాతర (సైలేజీ) వేసేవారికి మాత్రం నష్టం.

ఎంత దూరంలో వేయాలి?

• గింజ కోసం: 60 × 20 సెం.మీ. – ఎకరాకు సుమారు 33 వేల మొక్కలు
• పాతర కోసం: 45 × 15 సెం.మీ. – సుమారు 60 వేలు
• పచ్చిమేత కోసం: 30 × 15 సెం.మీ. – సుమారు 90 వేలు

45 సెం.మీ. అంటే మూరెడు. టేపు లేకపోయినా చేత్తో కొలవొచ్చు.

దగ్గర సాళ్ల వల్ల లాభమేంటి?

ఆకులు త్వరగా కమ్ముకుంటాయి. నేలకు ఎండ తగలక కలుపు తగ్గుతుంది. మేత బరువు పెరుగుతుంది.

మరీ ఒత్తయితే ఏమవుతుంది?

కాండం సన్నబడి గాలికి పడిపోతుంది. కండె సరిగా కట్టదు. పాతర గడ్డికి బలం గింజలోని పిండి నుంచే వస్తుంది. కండె లేకపోతే గొయ్యి నిండుతుంది గానీ పాలు పెరగవు. నీరు, ఎరువు తక్కువున్న చేలో ఇంకా పలచగా వేయండి.

రెండు గేదెలకు ఎంత కావాలి?

రోజుకు ఒక్కోదానికి 15 కిలోల చొప్పున 90 రోజులకు 2,700 కిలోలు. నీటి వసతి ఉంటే 25 సెంట్లు సరిపోతుంది. విత్తనం 4 కిలోలు చాలు.

ఎప్పుడు కోయాలి?

కండెను మధ్యకు విరిచి చూడండి. గింజ పైసగం గట్టిపడి, కండె వైపు సగం పాలతో ఉంటే అదే అదను. ముక్కలు చేసిన మేతను గుప్పిట్లో పిండితే నీరు కారకూడదు. 1–2 సెం.మీ. ముక్కలుగా కొట్టి, గాలి లేకుండా తొక్కి, పట్టా కప్పండి. 45 రోజుల తర్వాత తెరవండి. బూజు పట్టినది పశువుకు పెట్టొద్దు.

విత్తనం తీసుకునేటప్పుడు

• "పాతర కోసం" అని ముందే చెప్పండి.
• సంచి మీద గడువు తేదీ, మొలక శాతం చూడండి. రసీదు అడిగి తీసుకోండి.
• మందు పట్టించిన విత్తనం మిగిలితే పశువులకు, కోళ్లకు వేయొద్దు.

బెట్టకు వాడిన చేను కోసి వెంటనే మేపితే పశువుకు ప్రమాదం. ముందుగా మీ పశు వైద్యాధికారిని అడగండి.