బాధ లేదని పరీక్ష మానవలదు

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమున రాయపూర్ జిల్లాలో ఆరంగ్ అను ప్రాచీన పట్టణము కలదు. చుట్టునున్నవి వరి పండించు పల్లెలు. అచ్చట గాని, గోదావరి తీరమున గాని, నాట్లు వేయు స్త్రీకి ఆరోగ్యముగా నున్న దినమున వైద్యశాలకు పోవుటకు తీరిక యెక్కడిది? బాధ లేనప్పుడు పరీక్ష యేల యని యామె యడుగుట సహజమే. కాని కొన్ని వ్యాధుల విషయమున ఈ లెక్క చెల్లదు.

మానవ పాపిలోమా వైరసు అట్టిది. ఇది ముఖ్యముగా లైంగిక సంపర్కము వలన సంక్రమించును. జ్వరము రాదు, నొప్పి యుండదు. స్త్రీపురుషులలో అత్యధికులకు ఇది ఎప్పుడో యొకప్పుడు సోకును. పెక్కుమందిలో ఒకటి రెండేండ్లలో శరీరమే దీనిని అణచివేయును. కొందరిలో మాత్రము, విశేషించి 16, 18 సంఖ్యలు గల రకములు, గర్భాశయ ముఖద్వారమున నిలిచిపోయి, కణములను మెల్లగా మార్చి, సాధారణముగా 15 నుండి 20 ఏండ్లకు క్యాన్సరును కలిగించును. ఈ సంబంధమును కనుగొన్న జర్మను శాస్త్రజ్ఞుడు హెరాల్డ్ జుర్ హాసెన్‌కు 2008లో నోబెల్ బహుమానము లభించినది.

హైదరాబాదునకు చేరువనున్న మేడ్చల్ ప్రాంతమున జరిగి, 2005లో ప్రకటితమైన పరిశోధనలో, క్యాన్సరు లేని 185 మంది స్త్రీలను పరీక్షింపగా 19 మందిలో ప్రమాదకరమైన రకములు కానవచ్చినవి. వీరందరును క్యాన్సరు రోగులని భావింపరాదు. వైరసు వేరు, క్యాన్సరు వేరు. అది ఎన్నడు సోకినదో, ఎవరి వలన సోకినదో ఏ పరీక్షయు చెప్పజాలదు. కావున ఫలితము తెలిసినంతనే భార్యను నిందించుటగాని, భర్తను అనుమానించుటగాని తగదు. అట్టి నిందకు వెరచియే పలువురు పరీక్షకు దూరమగుదురు.

క్యాన్సరు ఏర్పడుటకు పట్టు ఈ దీర్ఘకాలమే మనకు రక్ష. మహారాష్ట్రమున ఉస్మానాబాదు జిల్లాలో 30 నుండి 59 ఏండ్ల వయస్సు గల లక్షమందికి పైబడిన స్త్రీలపై జరిగిన పరిశోధన 2009లో ప్రకటితమైనది. ఒక్కమారు వైరసు పరీక్ష జరిపిన గ్రామములలో ఈ క్యాన్సరు మరణములు, పరీక్ష జరుపని గ్రామములతో పోల్చగా, సుమారు సగమునకు తగ్గినవి.

భారతదేశమున 30 నుండి 65 ఏండ్ల స్త్రీలు ఐదేండ్లకొకమారు పరీక్ష చేయించుకొనవలెనని ప్రభుత్వ నియమావళి సూచించుచున్నది. ఆరోగ్య కేంద్రములలో ముఖద్వారమునకు పలుచని ఎసిటిక్ ఆమ్లమును అద్ది చూతురు. కొన్ని నిమిషముల పని, కోత లేదు. తెల్లని మచ్చ కనబడినచో తదుపరి పరీక్షలకు పంపుదురు. క్యాన్సరు కాకమునుపే ఆ భాగమును శీతల చికిత్సతోనో, మరియొక విధముగనో తొలగింపవచ్చును.

9 నుండి 14 ఏండ్ల బాలికలకు టీకా మేలైన రక్షణ. అయితే అది అంతకుముందే సోకిన వైరసును పోగొట్టదు. టీకా పొందినవారును తగిన వయస్సున పరీక్షకు పోవలెను. ముట్టు నిలిచిన పిమ్మట గాని, సంపర్కానంతరము గాని రక్తము కనబడినచో, ఐదేండ్ల గడువునకై వేచియుండక వెంటనే వైద్యుని దర్శింపవలెను.

తల్లి పరీక్షకు బయలుదేరు దినమున ఇంటిపని, పొలముపని ఇతరులు పంచుకొనుట కుటుంబమునకు విధి.