కొలత యంత్రానిది, నిర్ణయం మనిషిది

కీబోర్డు వాయిస్తుంటే స్వరలిపి తెర మీద దానంతటదే పడటం ఇప్పుడు ఎవరికీ వింత కాదు. అయితే ఈ కోరిక కంప్యూటర్ కంటే చాలా పాతది. వాద్యకారుడు అప్పటికప్పుడు కల్పించి వాయించేదాన్ని రాసిపెట్టే యంత్రం సాధ్యమేనని క్రీడ్ అనే మతాచార్యుడు రాసిన వ్యాసాన్ని లండన్ రాయల్ సొసైటీ 1747లో ప్రచురించింది. కొన్నేళ్లకే బెర్లిన్‌లో హోల్‌ఫెల్డ్ అనే నిపుణుడు అలాంటి యంత్రాన్ని తయారు చేశాడు. మీట నొక్కితే కదిలే కాగితం మీద గీత పడుతుంది. ఎంతసేపు నొక్కితే గీత అంత పొడవు. గీతలైతే పడ్డాయి గాని, వాటిని చూసి స్వరలిపి రాసే పని మనిషికే మిగిలింది. ఈ యంత్రం చరిత్ర అంతా ఆ మిగిలిన పని చుట్టూనే తిరిగింది. వాయించినదాన్ని నమోదు చేయడం కొలత, స్వరలిపిగా రాయడం నిర్ణయం. మొదటిది యంత్రానికి పూర్తిగా అప్పగించవచ్చు, రెండోది అప్పగించకూడదు.

కొలత సమస్య 1983లో తీరింది. అప్పటిదాకా ఒక కంపెనీ సింథసైజర్‌ను మరో కంపెనీ వాద్యంతో కలపడం పెద్ద తలనొప్పి. అమెరికాలో సింథసైజర్లు తయారుచేసే డేవ్ స్మిత్, జపాన్‌లో రోలాండ్ సంస్థాపకుడు ఇకుటారో కకెహాషి చొరవ తీసుకోవడంతో పోటీ కంపెనీలు ఉమ్మడి పద్ధతికి ఒప్పుకున్నాయి. ఆ జనవరిలో అమెరికాలో జరిగిన వాద్యాల ప్రదర్శనలో స్మిత్ కంపెనీ ప్రాఫెట్-600ను, రోలాండ్ జూపిటర్-6ను కలిపి, ఒకదాన్ని వాయిస్తే రెండోది పలకడం చూపించారు. ఆ పద్ధతే మిడి. అది ధ్వనిని మోయదు, వేళ్లు చేసిన పనిని చెబుతుంది. మీట నొక్కగానే మూడు బైట్లు వెళ్తాయి: ఏ ఛానల్, ఎన్నో మీట, ఎంత జోరుగా నొక్కారు. మీటల సంఖ్య 0 నుంచి 127 వరకు ఉంటుంది, మధ్య సి 60. ఈ సందేశాలను వాటి వేళలతో సహా దాచుకుని తిరిగి వాయించేదే సీక్వెన్సర్. 1985లో వచ్చిన అటారి ఎస్‌టి కంప్యూటర్‌కు మిడి సాకెట్లు ముందే అమర్చి ఉండటంతో జర్మనీ ప్రోగ్రామర్లు దాన్ని అందిపుచ్చుకున్నారు. 1980ల చివర్లో అక్కడి నుంచి నొటేటర్, క్యూబేస్ అనే సీక్వెన్సర్ ప్రోగ్రాములు వచ్చాయి. వాయించినది స్వరలిపిగా చూసి, అక్కడే దిద్దుకునే వీలును నొటేటర్ ఇచ్చింది. నేటి లాజిక్ ప్రోగ్రాం దాని వారసత్వమే.

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. సీక్వెన్సర్ కాలాన్ని టిక్కులుగా విడగొడుతుంది. బీట్‌కు 480 టిక్కులు, నిమిషానికి 120 బీట్ల వేగం అనుకుందాం. వాద్యకారుడు ఒక స్వరాన్ని 30 టిక్కులు ఆలస్యంగా అందుకుంటే అది సుమారు 31 మిల్లీసెకన్లు. వినేవారికి అది తప్పుగా తోచదు, నడకకు సొగసు కూడా కావచ్చు. ఉన్నదున్నట్టు రాస్తే మాత్రం ఆ స్వరానికి ముందు 64వ వంతు విరామం, వెనక చుక్కలు, ముడిగీతలు చేరి పుట చదవడానికి వీల్లేకుండా పోతుంది. అందుకని సాఫ్ట్‌వేర్ ప్రతి స్వరాన్నీ దగ్గరి గడికి జరుపుతుంది. దీన్నే క్వాంటైజ్ చేయడం అంటారు. గడి పదహారో వంతు అని పెడితే త్రిశ్ర నడక చెడుతుంది. మరీ చిన్నది పెడితే చేతి తడబాటు కూడా రాతలోకి ఎక్కుతుంది. మంచి ప్రోగ్రాములు వాయించినదాన్ని ముట్టుకోకుండా స్వరలిపిని మాత్రమే సర్దే వీలు కల్పించాయి. రెండూ వేరువేరని యంత్రం తయారుచేసినవారే ఒప్పుకున్నట్టు కదా!

పేర్లతోనూ ఇదే ఇబ్బంది. 61వ మీట డి మేజర్‌లో సి షార్ప్, ఎ ఫ్లాట్ మేజర్‌లో డి ఫ్లాట్. మిడి సంఖ్యకు ఆ తేడా తెలియదు. కర్ణాటక సంగీతం నేర్చినవారికి ఇది పరిచితమే: మనకు స్వరస్థానాలు 12, పేర్లు 16. శంకరాభరణంలో చతుశ్రుతి రిషభం పలికే స్థానంలోనే కనకాంగిలో శుద్ధ గాంధారం పలుకుతుంది. రాగం తెలియనిదే పేరు పెట్టలేం.

రికార్డింగు ఉండగా స్వరలిపి ఎందుకని కొందరు అడుగుతారు. రికార్డింగు ఒకరు ఒకసారి వాయించినది. స్వరలిపి ఇంకొకరు వాయించడానికి రాసినది. స్టూడియోలో వయొలిన్ బృందం ముందు పెట్టాల్సింది రెండోదే. ఐదు గీతల పద్ధతి గమకానికి చాలదనే అభ్యంతరం ఇంతకంటే బలమైనది. అందులో నిజం ఉంది, కానీ లోపం కొలతలో లేదు. స్వరాన్ని వంచే మిడి సందేశానికి 16,384 మెట్లున్నాయి. ఆ వంపులో ఏది కంపితం, ఏది జారు, ఏది ఉత్త తడబాటు అని తేల్చి గుర్తు పెట్టాల్సింది సంగీతజ్ఞుడే. 1904లో ఎట్టయపురంలో తెలుగులో అచ్చయిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’లో సుబ్బరామ దీక్షితులు చేసింది ఆ పనే: గమకాలకు ప్రత్యేక చిహ్నాలు పెట్టి, కృతులను స్వరలిపిలో రాసి అందించారు. లిపి చాలకపోతే పెంచుకోవచ్చని ఆ గ్రంథమే రుజువు.

లక్షల పుటలు నేర్చిన కృత్రిమ మేధ రేపు ఇవన్నీ చేసేస్తుందని మరో మాట. దాని ఊహ మెరుగవుతుంది, సందేహం లేదు. అయినా స్వరలిపికి ఒక్కటే సరైన జవాబంటూ లేదు. అదే కృతిని విద్యార్థికి ఒకలా, విద్వాంసుడికి మరోలా రాస్తాం. ఎవరి కోసం రాస్తున్నామో ధ్వనిలో ఉండదు, రాసేవారి మనసులో ఉంటుంది.

అందుకే దాచుకునేటప్పుడు కొలతకూ నిర్ణయానికీ ఉన్న తేడా గుర్తుంచుకోవాలి. 1988 నుంచి నడిచిన ఫినాలే అనే స్వరలిపి ప్రోగ్రాం అభివృద్ధిని 2024లో దాని సంస్థ ఆపేసింది. ప్రోగ్రాములు పోతాయి, పని మిగలాలి. మిడి ఫైలు ప్రధానంగా వాయించిన కొలతలనే దాస్తుంది. మీరు ఎంచిన స్వర నామాలు, విరుపులు, గుర్తులు దానితో దక్కవు. వాటిని ఒక ప్రోగ్రాం నుంచి మరోదానికి చేరవేయడానికి మ్యూజిక్‌ఎక్స్‌ఎంఎల్ అనే ఫైలు పద్ధతి ఉంది. స్వరపరిచే ప్రతి ఒక్కరూ తెర మీద పడిన పుటను చిత్తుప్రతిగానే చూడండి, స్వరం స్వరం దిద్దండి, ఆ దిద్దుబాటును మ్యూజిక్‌ఎక్స్‌ఎంఎల్‌గా కూడా భద్రపరచండి.