రాడ్డు కదిలితేనే ఆట

ఫూస్‌బాల్ టేబుల్ మొరాయిస్తే బలం చూపిస్తారు, లేదంటే నూనె పోస్తారు. రెండూ తప్పే

సాయంత్రం నాలుగు గంటలు. హైదరాబాద్ మాదాపూర్‌లోని చాలా సాఫ్ట్‌వేర్ కార్యాలయాల్లో కాఫీ మిషన్ పక్కన సందడి మొదలయ్యే వేళ. ఫూస్‌బాల్ టేబుల్ చుట్టూ నలుగురు చేరతారు. బంతి పడుతుంది. ముందు వరుస రాడ్ సగం దూరం జారి ఆగిపోతుంది. గట్టిగా తోస్తే టేబుల్ కదులుతుంది, రాడ్ కదలదు. మర్నాడు ఎవరో కొబ్బరినూనె తెస్తారు. వారం రోజులు రాడ్ చక్కగా జారుతుంది. ఆ తర్వాత మునుపటికన్నా అధ్వాన్నం. నెల తిరిగేసరికి టేబుల్ మీద ఖాళీ అట్టపెట్టెలు చేరతాయి. వేలు పోసి కొన్న వస్తువు మూలన పడుతుంది.

చిక్కేమిటంటే దాన్ని బాగుచేయడం ఎవరి పనీ కాదు. ఎలక్ట్రీషియన్‌కు సంబంధం లేదు, వడ్రంగికి పరిచయం లేదు. నిజానికి స్క్రూడ్రైవర్, పొడి గుడ్డ, కాస్త ఓపిక ఉంటే చాలావరకు సరిపోయే పని.

మామూలు టేబుల్‌కు ఎనిమిది రాడ్లుంటాయి. ఒక్కోటీ రెండు పక్కల గోడల్లోంచి వెళ్తుంది కాబట్టి పదహారు బేరింగులు. పేరుకు బేరింగే గానీ, సైకిల్ చక్రంలోలాగా ఇనుప గుండ్లుండవు. మెకానిక్‌లు బుష్ అనే నునుపైన ప్లాస్టిక్ లేదా నైలాన్ గొట్టమే అది. రాడ్ అందులో గుండ్రంగా తిరగాలి, అటూ ఇటూ జారాలి. ఈ జారడమే ఆటకు ప్రాణం. అంతర్జాతీయ పోటీల నిబంధనల ప్రకారం బంతిని తాకకుండా రాడ్‌ను పూర్తి చుట్టుకు మించి తిప్పకూడదు. నైపుణ్యమంతా బంతిని పక్కకు లాగి, రెప్పపాటులో కొట్టడంలో ఉంది. రాడ్ అతుక్కుంటే ఆ దెబ్బ పోయినట్టే.

మందుకన్నా ముందు జబ్బు తెలియాలి. ఒక్కో రాడ్‌నూ చివరిదాకా లాగి, తోసి, తిప్పి చూడాలి. ఒకే చోట పట్టేస్తుంటే రాడ్ వంగి ఉండొచ్చు. పొడవునా బిగుతుగా ఉంటే మురికి పేరుకుని ఉండాలి, లేదా బేరింగ్ ఎక్కువ బిగించి ఉండాలి. అన్ని రాడ్లూ ఒకేసారి మొరాయిస్తే అనుమానించాల్సింది పెట్టెనే.

మురికైతే వైద్యం తేలిక. రాడ్‌ను పొడి గుడ్డతో తుడిచి, జిడ్డు వదలకపోతే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన గుడ్డతో శుభ్రం చేయాలి. తర్వాత రెండు మూడు చుక్కల సిలికాన్ ద్రవం రాసి, నాలుగైదుసార్లు ఆడించి, మిగిలింది తుడిచేయాలి. కొబ్బరినూనె, కుట్టుమిషన్ నూనె వద్దే వద్దు. అవి దుమ్మును పట్టి ముద్దగా మారుస్తాయి. క్యారమ్ పౌడర్ పనికొస్తుందనుకోవడమూ పొరపాటే. అది బోర్డు మీద బాగుంటుంది, బుష్‌లో ఇరుక్కుంటుంది.

బిగుతు తగ్గకపోతే బేరింగ్ స్క్రూలను అన్నింటినీ సమానంగా అర చుట్టు వదులు చేయాలి. రాడ్ స్వేచ్ఛగా జారితే జబ్బు దొరికినట్టే. రాడ్ లోపల ఉండగానే, దాన్ని ఆడిస్తూ, ఎదురెదురు స్క్రూలను కొద్దికొద్దిగా బిగించాలి. వంపు అనుమానమైతే పిడి, బొమ్మలు విప్పి రాడ్‌ను అద్దం మీద దొర్లించాలి. కింద వెలుతురు కనబడి మాయమవుతుంటే వంగినట్టే. బోలు రాడ్‌ను సుత్తితో సరిచేయబోతే నొక్కుకుపోతుంది. మార్చడమే మేలు.

మన వాతావరణం తెచ్చే తంటా మరొకటుంది. చౌక టేబుళ్ల పెట్టెలు ఎక్కువగా ఎండీఎఫ్ చెక్కతోనో, పొట్టు అదిమి చేసిన బోర్డుతోనో తయారవుతాయి. వానాకాలం తేమకు ఇవి ఉబ్బుతాయి. రంధ్రం బిగుసుకుంటుంది, రెండు గోడల బేరింగులు ఒక వరుసలో ఉండవు. ముందు టేబుల్‌ను పొడి గదిలోకి మార్చి ఆరనివ్వాలి, కాళ్లు సమంగా ఉన్నాయో చూడాలి. అప్పటికీ కుదరకపోతేనే రంధ్రం అంచును గరుకు కాగితంతో కొద్దిగా రుద్దాలి.

బేరింగ్ అరిగితే కొత్తది కొనేముందు రాడ్‌ను వెర్నియర్‌తో కొలవాలి. అమెరికా తరహా రాడ్ అంగుళంలో అయిదెనిమిదో వంతు, అంటే 15.9 మిల్లీమీటర్లు. 16 మిల్లీమీటర్ల రాడ్లూ ఉన్నాయి. కంటికి ఒకటే. ఒకదాని బేరింగ్ మరోదానికి వేస్తే పాత జబ్బే తిరగబెడుతుంది.

ఇలాంటి విడిభాగాలు దొరకడమే కష్టం. 2022 జులైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 'మరమ్మతు హక్కు'పై కమిటీ వేసింది. అది తొలుత ఎంచుకున్నవి వ్యవసాయ పరికరాలు, మొబైళ్లు, గృహోపకరణాలు, వాహనాలు. ఆట టేబుళ్ల ఊసు లేదు.

ఈ ఆటకు తొలి పేటెంట్లలో ఒకటి 1923లో బ్రిటన్‌లో హెరాల్డ్ థార్న్‌టన్‌కు దక్కింది. స్పెయిన్‌లో మాత్రం ఆ ఘనత అలెహాండ్రో ఫినిస్టెరేకు ఇస్తారు. 2007లో మరణించిన ఈ కవి చెప్పిన కథ ఇది. 1936లో మాడ్రిడ్ మీద పడిన బాంబులకు గాయపడి ఆయన ఆసుపత్రిలో చేరారు. ఫుట్‌బాల్ ఆడలేని స్థితిలో ఉన్న పిల్లలను అక్కడ చూసి, చేతులతో ఆడే టేబుల్‌కు రూపమిచ్చారు. ఫ్రాన్స్‌కు పారిపోతుంటే దారిలో వానకు పేటెంట్ కాగితాలు పాడయ్యాయి.

పరుగెత్తలేని పిల్లల కోసం పుట్టిందని చెప్పే ఆట, చారెడు మురికి వల్ల ఆగిపోనక్కర్లేదు. అట్టపెట్టెలు దించి, గుడ్డ తీసుకుంటే చాలు.