గట్టు మీది కామంచి – తోటలోని వంగ

మన నెల్లూరు కోస్తా గ్రామాలలో వానలు పడిన తరువాత పెరట్లోను, కాలువ గట్ల మీదను, సరుగుడు తోటల అంచులలోను ఎవరూ విత్తకుండానే కొన్ని మొక్కలు మొలుస్తాయి. కామంచి, ఉచ్చింత, ఉస్తి, నేలవాకుడు అటువంటివి. వీటిని కలుపు అని పీకి పారవేసేవారే ఎక్కువ. అయితే మనము ప్రేమతో పెంచుకొనే వంగ, టొమాటో, మిరప, బంగాళాదుంపలకు ఇవి దగ్గర చుట్టాలు. అందరిదీ ఒకే కుటుంబము.

వీటిని గుర్తుపట్టడం ఎలా?

కామంచికి చిన్న తెల్లని పూలు, మిరియాలంత నల్లని పండ్లు ఉంటాయి. నోటిపూతకు మంచిదని అవ్వలు దీని ఆకును పప్పులో వేసి వండేవారు. ఉచ్చింత ముళ్ల తీగ, ఊదా పూలు పూస్తుంది. ఉస్తి మనిషెత్తు పెరిగి గుత్తులుగా కాస్తుంది. ఆ కాయలను చితగ్గొట్టి, ఉప్పు కలిపిన మజ్జిగలో నానవేసి, ఎండబెట్టి వరుగు చేస్తారు. కొన్ని ఊళ్లలో ఉచ్చింతనే ఉస్తి అంటారు. కనుక పేరును బట్టి కాదు, మొక్కను చూచి పోల్చుకోవాలి.

ఒక హెచ్చరిక. కామంచి పచ్చికాయలలో సోలనిన్ అనే విషము ఉంటుంది. పిల్లలను వాటిని తిననియ్యకండి. ఉమ్మెత్త కూడా ఈ కుటుంబములోనిదే, అది ప్రాణము తీస్తుంది. పెద్దలు చూపించి చెప్పని మొక్కను వండకండి.

ఒకే పేరు, వేరు వేరు జాతులు

మనము కామంచి అని పిలిచేది నిజానికి ఒకే మొక్క కాదు. శాస్త్రజ్ఞులు పరీక్షించగా కొన్నింటి కణాలలో 24, కొన్నింటిలో 48, మరికొన్నింటిలో 72 క్రోమోజోములు కనిపించాయి. చూపునకు ఒకటిగా ఉన్నా లోపలి గుణాలు వేరు. ఈ వైవిధ్యమే కొత్త వంగడాలకు మూలధనము.

1845లో ఐర్లాండులో బంగాళాదుంపకు తెగులు సోకింది. ఆ కరవులో సుమారు పది లక్షలమంది చనిపోయారు. ఆ తెగులును తట్టుకొనే జన్యువు ఒకటి కామంచి వర్గపు మొక్కలోనే దొరికిందని 2016లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. టొమాటోలో వేరుబుడిపె నులిపురుగును ఆపే గుణము కూడా అడవి టొమాటో నుండి వచ్చినదే.

వంగ రైతుకు ఏమి లాభము?

వంగ పుట్టిల్లు మన దేశమున్న ప్రాంతమే. మొవ్వ, కాయ తొలుచు పురుగుకు జడిసి రైతు మాటిమాటికి మందు కొడుతున్నాడు. అడవి చుట్టాలలో కొన్ని ఈ పురుగును బాగా తట్టుకొంటాయి. కాని ఉస్తిని వంగతో సంకరము చేయడము కష్టము, పుట్టిన మొక్కలు తరచు గొడ్డుపోతాయి. అందుచేత మరొక దారి పట్టారు. ఉస్తి మొదలు మీద వంగ కొమ్మను అంటుకడతారు. ఉస్తి వేరు ఎండు తెగులును, నులిపురుగును తట్టుకొంటుంది, పైన వంగ కాస్తుంది.

బి.టి. వంగకు 2010 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వము విరామము ప్రకటించింది. మన నాటు వంగల వైవిధ్యానికి ఏమవుతుందోనన్న ఆందోళన అప్పటి చర్చలో ముఖ్యమైనది.

పోగొట్టుకొంటున్నది ఏమిటి?

కలుపు మందులు గట్ల వరకు పాకాయి. 1990ల తొలి రోజుల నుండి కోస్తాలో రొయ్యల గుంటలు విస్తరించాయి. గట్టు పోతే గట్టు మీది మొక్కా పోతుంది. పేద ఇంటికి కొనకుండా దొరికే కూర మొదట పోతుంది. రేపటి వంగడానికి కావలసిన గుణము దానితోబాటే, ఎవరికీ తెలియకుండానే పోతుంది.

కాబట్టి ప్రతి ఇంటివారు పెరట్లో ఒక మూల వీటికి వదలండి. ఒక్క మొక్క నుండి కాక అనేక మొక్కల నుండి పండిన పండ్లు కోసి, గింజలు కడిగి, నీడన ఆరబెట్టి, పొట్లము మీద ఊరు పేరు, తేదీ వ్రాయండి. నేషనల్ బ్యూరో ఆఫ్ ప్లాంట్ జెనెటిక్ రిసోర్సెస్ అనే సంస్థ 1976 నుండి దేశమంతటి విత్తనాలను భద్రపరుస్తున్నది. దాని ప్రాంతీయ కేంద్రము హైదరాబాదు రాజేంద్రనగర్‌లో ఉన్నది. నాటు రకాలను, వాటి అడవి చుట్టాలను కాపాడే రైతులకు గుర్తింపు ఇవ్వాలని 2001 నాటి చట్టము చెబుతున్నది.

యవనులారా, ఈ వారమే మీ అవ్వను అడిగి ఈ మొక్కల పేర్లు, వంటలు ఒక నోటు పుస్తకములో వ్రాసికొనండి. విత్తనముతోబాటు ఆ తెలివి కూడ దాచవలసినదే.