కాయిలోవర్ స్ప్రింగులు, వెనుక లింకుల పొందిక

కాయిలోవర్ అనగా షాక్ అబ్జార్బరు చుట్టూ చుట్టల స్ప్రింగును తొడిగి, రెండింటినీ ఒకే భాగంగా బిగించిన సస్పెన్షన్ పరికరం. స్పోర్ట్స్ కార్ల యజమానులు కొందరు కంపెనీ బిగించిన స్ప్రింగులను తీసివేసి, బయట విడిగా దొరికే కాయిలోవర్లను అమర్చుకుంటారు. కారు ఎత్తును తగ్గించడం, మలుపులలో ఒరుగుదలను తగ్గించడం దీని ముఖ్య ఉద్దేశాలు. స్ప్రింగు మీద ముద్రించిన సంఖ్య స్ప్రింగు గుణాన్ని మాత్రమే తెలుపుతుంది. అది చక్రం వద్ద ఎంత గట్టిగా పనిచేస్తుందో వెనుక చక్రాన్ని పట్టి ఉంచే లింకులే నిర్ణయిస్తాయి. అందువలన ఈ రెండింటినీ కలిపి ఎంచుకోవలసి ఉంటుంది.

నేపథ్యం

నంద్యాల జిల్లాలోని బేతంచెర్ల ప్రాంతం నుండి నాపరాళ్ళను మోసే లారీల వెనుక ఇరుసును గమనిస్తే ఈ విషయం సులభంగా అర్థమవుతుంది. లారీకి ఉండే కమాను కట్ట రెండు పనులు చేస్తుంది. ఒకటి, బరువును మోస్తూ కుదుపును తీసుకోవడం. రెండు, ఇరుసు ముందుకు, వెనుకకు, పక్కకు జరగకుండా పట్టి ఉంచడం. అనగా కమాను కట్టలో స్ప్రింగూ లింకూ ఒకటే.

చుట్టల స్ప్రింగు బరువును మోయగలదు కానీ చక్రాన్ని దాని స్థానంలో నిలపలేదు. కాబట్టి ఆ రెండవ పని కోసం ఉక్కుతో గాని, అల్యూమినియంతో గాని చేసిన లింకులు అవసరమయినాయి. స్ప్రింగును ఒకరు, లింకును మరొకరు తయారుచేసి అమ్మే వీలు కూడా దీని వలననే కలిగింది. పొందిక కుదరకపోవడమనే సమస్యకు మూలం కూడా ఇదే.

వెనుక సస్పెన్షన్ రకాలు

* డబుల్ విష్‌బోన్: పైన ఒకటి, క్రింద ఒకటి చొప్పున రెండు చేతులు చక్రాన్ని పట్టి ఉంచుతాయి. 1989లో విడుదలైన మాజ్దా ఎమ్ఎక్స్-5 మొదటి తరం కారులో ముందు, వెనుక ఇదే అమరిక ఉన్నది. స్ప్రింగు డ్యాంపరు చుట్టూనే ఉంటుంది.
* మల్టీలింక్: విడివిడి లింకులు ఒక్కొక్క దిశలో చక్రాన్ని అదుపు చేస్తాయి. 1982 నాటి మెర్సిడెస్-బెంజ్ 190 వెనుక ఐదు లింకుల అమరికతో వచ్చింది.
* స్ప్రింగు, డ్యాంపరు వేరుగా ఉండే అమరిక: 1990లో వచ్చిన బీఎమ్‌డబ్ల్యూ 3 సిరీస్ ఈ రకానికి చెందినది. ఇందులో స్ప్రింగు ఒక అడ్డు చేతి మీద కూర్చుంటుంది. డ్యాంపరు మరొక చోట ఉంటుంది.
* టోర్షన్ బీమ్: భారతదేశంలో అమ్ముడయ్యే చిన్న కార్లలో ఎక్కువ భాగం వెనుక ఇదే ఉంటుంది. వీటిలో విడి లింకులు లేవు కాబట్టి స్ప్రింగు మార్చిన తరువాత చక్రపు కోణాలను సరిదిద్దే అవకాశం చాలా తక్కువ.

చలన నిష్పత్తి

చక్రం 100 మి.మీ. పైకి లేచినపుడు స్ప్రింగు 70 మి.మీ. మాత్రమే నొక్కుకుంటే, ఆ అమరిక చలన నిష్పత్తి 0.7 అవుతుంది. స్ప్రింగు లింకు మీద చక్రానికి దూరంగా, లోపలి వైపున కూర్చున్న కొద్దీ ఈ నిష్పత్తి తగ్గుతుంది. స్ప్రింగు పక్కకు వాలి ఉన్నా తగ్గుతుంది.

చక్రం వద్ద గట్టిదనం = స్ప్రింగు గట్టిదనం × చలన నిష్పత్తి వర్గం

వర్గం రావడానికి కారణం ఉన్నది. లింకు తులాదండం వలె పనిచేసి ఒకసారి బలాన్ని, మరొకసారి కదలికను తగ్గిస్తుంది. ఉదాహరణకు మి.మీ.కు 80 న్యూటన్ల స్ప్రింగును తీసుకొందాము. నిష్పత్తి 0.7 అయితే చక్రం వద్ద 39.2 న్యూటన్లు, 0.95 అయితే 72.2 న్యూటన్లు వస్తాయి. స్ప్రింగు ఒకటే అయినా ఫలితం దాదాపు రెట్టింపు తేడాతో ఉన్నది.

ఒక వెనుక చక్రం మీద పడే కారు బరువు 250 కిలోలు అనుకుంటే, మొదటి అమరికలో కారు సెకనుకు సుమారు 2 సార్లు, రెండవ అమరికలో సుమారు 2.7 సార్లు ఊగుతుంది. కుటుంబ కార్లలో ఈ సంఖ్య సాధారణంగా 1 నుండి 1.5 వరకు ఉంటుంది. మొదటిది వీధిలో నడిపే గట్టి స్పోర్ట్స్ కారు కాగా, రెండవది పందెపు బాటకు తగినది. మోరిస్ ఆలీ అను ఇంజనీరు 1930లలో చేసిన పరిశోధనల వలన వెనుక స్ప్రింగుల ఊపు ముందు వాటి కన్నా కొంచెం వేగంగా ఉంటే గతుకు దాటిన తరువాత కారు త్వరగా కుదుటపడుతుందని తెలిసింది. కావున ముందు, వెనుక ఒకే సంఖ్య గల స్ప్రింగులు వేస్తే సమతూకం వస్తుందని భావించడం పొరపాటు.

స్ప్రింగు కొలతలు

జపాను తయారీదారులు గట్టిదనాన్ని మి.మీ.కు కిలోలలోను, అమెరికా వారు అంగుళానికి పౌండ్లలోను, ఐరోపా వారు మి.మీ.కు న్యూటన్లలోను తెలుపుతారు. మి.మీ.కు 1 కిలో అనగా సుమారు 9.8 న్యూటన్లు, లేదా అంగుళానికి 56 పౌండ్లు.

తీగ మందం ఈ గట్టిదనాన్ని ఎక్కువగా ప్రభావితం చేస్తుంది. చుట్ట వ్యాసం, చుట్టల సంఖ్య మారకుండా తీగ 12 మి.మీ. నుండి 13 మి.మీ.కు పెరిగితే గట్టిదనం సుమారు 38 శాతం పెరుగుతుంది. ఎందుకనగా అది తీగ మందం నాలుగవ ఘాతాన్ని అనుసరిస్తుంది. స్ప్రింగు గట్టిదనం రెట్టింపు అయితే, అదే అదుపు కోసం డ్యాంపరు నిరోధం కూడా సుమారు 1.4 రెట్లు కావాలి. పాత డ్యాంపరు మీద గట్టి స్ప్రింగు వేసిన కారు గతుకు దాటిన తరువాత కూడా ఊగుతూనే ఉండడానికి కారణం ఇదే.

ఎత్తు తగ్గించినపుడు లింకులలో మార్పు

లింకు ఒక చివర కారుకు బిగించి ఉండడం వలన రెండవ చివర వృత్తఖండంలో కదులుతుంది. సమతలంగా ఉన్న లింకు బయటి చివర పైకి లేచిన కొద్దీ చక్రాన్ని లోపలికి లాగుతుంది. పొడవు తక్కువ ఉన్న లింకు ఎక్కువగా లాగుతుంది. పైచేయి పొట్టిగా, క్రిందిచేయి పొడవుగా ఉన్న కారును దించినపుడు చక్రం పైభాగం లోపలికి వాలుతుంది. దీనిని రుణ కేంబర్ అంటారు. ఇది మితిమీరితే టైరు లోపలి అంచు త్వరగా అరుగుతుంది.

దీనికన్నా ముఖ్యమైనది టో. పైనుండి చూచినపుడు చక్రం ముందు అంచు లోపలికి తిరిగి ఉంటే టో-ఇన్ అని, బయటికి తిరిగి ఉంటే టో-అవుట్ అని అంటారు. కారును 40 మి.మీ. దించినట్లు అనుకుందాము. 400 మి.మీ. పొడవు గల క్రిందిచేయి చక్రాన్ని సుమారు 2 మి.మీ. లోపలికి లాగుతుంది. ఇరుసుకు 100 మి.మీ. వెనుకగా ఉన్న 300 మి.మీ. టో లింకు సుమారు 2.7 మి.మీ. లాగుతుంది. తేడా మిల్లీమీటరు కన్నా తక్కువే. అయినప్పటికీ చక్రం సుమారు 0.4 డిగ్రీలు టో-అవుట్ వైపు తిరుగుతుంది. మలుపులో బరువంతా బయటి వెనుక చక్రం మీద పడినపుడు అది కారు తోకను బయటికి తోస్తుంది. వేగంలో ఉన్న కారు గిరగిర తిరిగిపోయే ప్రమాదం ఇక్కడే ఉన్నది. అందుచేత ఎత్తు తగ్గించే కాయిలోవర్‌తో పాటు పొడవు మార్చుకోగల కేంబర్ లింకులను, టో లింకులను అమర్చి, వీల్ అలైన్‌మెంట్ చేయిస్తారు.

బలం పడే చోటు

స్ప్రింగు, డ్యాంపరు వేరుగా ఉన్న కారులో కాయిలోవర్‌ను అమర్చినపుడు కారు బరువు పడే చోటే మారిపోతుంది. అంతకు ముందు స్ప్రింగు పీఠం, దాని పైనున్న బాడీ భాగం బరువును మోసేవి. ఇప్పుడు డ్యాంపరు పై బిగింపు, క్రింది బోల్టు ఆ బరువును మోయాలి. అవి డ్యాంపరు బలానికి మాత్రమే తయారయినవి. కాబట్టి ఆ చోట రేకు చీలే అవకాశముంటుంది. ఇటువంటి కార్లలో స్ప్రింగును పాత పీఠం మీదనే ఉంచి, ఎత్తు సర్దుకొనే మరను మాత్రమే చేర్చడం మేలు. చలన నిష్పత్తి కూడా మారదు.

బిగింపులో జాగ్రత్తలు

* లింకుల రబ్బరు బుష్‌ల బోల్టులను కారు చక్రాల మీద నిలిచి ఉన్నపుడే పూర్తిగా బిగించాలి. జాకీ మీద, చక్రం వేలాడుతున్నపుడు బిగిస్తే కారు దిగగానే రబ్బరు మెలిపడి త్వరలోనే చిరుగుతుంది.
* చక్రం పూర్తిగా క్రిందికి వేలాడినపుడు స్ప్రింగు వదులు కారాదు. అట్లయితే పొట్టి సహాయక స్ప్రింగును చేర్చాలి.
* చక్రం పూర్తిగా పైకి లేచినపుడు చుట్టలు ఒకదానికొకటి తగలరాదు. స్ప్రింగు పైచేతికి రాసుకోరాదు.
* రబ్బరుకు బదులు లోహపు గుండ్రని కీళ్ళు వాడిన లింకులు కచ్చితంగా కదులుతాయి. కానీ దుమ్ములో త్వరగా అరుగుతాయి.

నంద్యాల – ఆళ్ళగడ్డ రోడ్ల మీద

కర్నూలు నుండి నంద్యాల, ఆళ్ళగడ్డల మీదుగా కడప వైపు పోయే 40వ నెంబరు జాతీయ రహదారి పూర్వం 18వ నెంబరుగా పిలువబడేది. కుందూ నది పరీవాహక ప్రాంతంలో నల్లరేగడి నేలలు ఎక్కువ. ఈ మట్టి వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకుపోతుంది. దీని మీద వేసిన చిన్న రోడ్లు అలలు అలలుగా మారుతుంటాయి. తూర్పున గిద్దలూరు వైపు నల్లమల ఘాట్ మలుపులు ఉన్నాయి. అలల రోడ్డు మెత్తని స్ప్రింగును, ఘాట్ మలుపులు గట్టి స్ప్రింగును కోరుతాయి. ఒకే కారు రెంటికీ పనికిరావాలంటే మధ్యేమార్గం తప్పదు.

స్పీడ్ బ్రేకర్లు మరొక అడ్డంకి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం గుండ్రని స్పీడ్ బ్రేకరు 3.7 మీటర్ల వెడల్పు, 10 సెం.మీ. ఎత్తు ఉండాలి. ఇరుసుల మధ్య 2.31 మీటర్ల దూరం గల కారు దానిని దాటుతున్నపుడు దాని శిఖరం చక్రాల మట్టం కన్నా సుమారు 39 మి.మీ. పైకి వస్తుంది. కారును 40 మి.మీ. దించి ఉంటే మొత్తం 79 మి.మీ. ఖాళీ తగ్గినట్లే. ప్రమాణం కన్నా నిటారుగా కట్టిన వాటి వద్ద కారు అడుగుభాగం తగిలే అవకాశం ఇంకా ఎక్కువ.

చట్టం

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు తయారీదారు మొదట పేర్కొన్న వాటికి భిన్నమయ్యే విధంగా వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీం కోర్టు ఈ నిబంధనను సమర్థించింది. అదే సంవత్సరం చేసిన సవరణ ద్వారా, అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించే వీలు కలిగింది. కాబట్టి కాయిలోవర్‌ను కొనుటకు ముందే రవాణా అధికారి వద్ద, బీమా సంస్థ వద్ద విచారించుకొనవలెను.